జనమేజయుడు అడిగిన ప్రశ్న

నాగరాజు తక్షకుడి కాటుకు పరీక్షిత్తు మహారాజు చనిపోయేనాటికి కొడుకు జనమేజయుడు పసివాడు. మంత్రులు, పురోహితుడు కలిసి ఆ పసివాడికే పట్టం కట్టారు. ఈడొచ్చాక పెళ్లి చేశారు. పెంపకంలో ఏ లోటూ రానివ్వలేదు. ఏళ్లు గడిచాక ఉదంకుడనే ముని వచ్చి తక్షకుడి పేరెత్తాడు. అప్పుడు ఆ రాజు మంత్రుల్ని కూర్చోబెట్టి మొదటినుంచీ అడిగాడు: మా నాన్న ఎలా బతికాడు, ఎలా చనిపోయాడు?

మంత్రులు దాచలేదు. వేటలో అలిసిన పరీక్షిత్తు, మౌనవ్రతంలో ఉన్న శమీకుడు బదులివ్వలేదని కోపం తెచ్చుకుని ఆయన భుజాన చచ్చిన పామును వేశాడు. శమీకుడి కొడుకు శృంగి, తక్షకుడి కాటుకు చస్తావని శపించాడు. విషానికి విరుగుడు తెలిసిన కాశ్యపుడు రాజును బతికించడానికి బయల్దేరితే, తక్షకుడు అడిగినంత ధనమిచ్చి దారిలోనే వెనక్కి పంపేశాడు. తండ్రి చేసిన పొరపాటుతో సహా అంతా చెప్పారు. జనమేజయుడు అంతటితో వదల్లేదు. నరమానవుడు లేని అడవిలో వాళ్లిద్దరి మధ్య జరిగింది మీకెలా తెలిసిందని నిలదీశాడు. కట్టెల కోసం చెట్టెక్కిన మనిషి ఒకడు అంతా చూశాడని చెప్పాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఆయన జీవితంలో రెండు పనులు జరిగాయి. ఒకటి సర్పయాగం: నాన్నను చంపినవాణ్ని, వాడి జాతినంతా మంటల్లో వేయడం. రెండోది, అదే యాగశాలలో వైశంపాయనుడి నోట తన పూర్వుల కథంతా వినడం. మొదటిది ఆస్తీకుడి మాటతో మధ్యలోనే ఆగింది. రెండోది మహాభారతమై మిగిలింది.

అమ్మనో నాన్ననో పోగొట్టుకున్న ప్రతి పిల్లవాడి ముందూ ఈ రెండు దారులుంటాయి. తప్పెవరిదో తేల్చే వేట ఒకటి, పోయిన మనిషి ఎవరో తెలుసుకునే ప్రయాణం ఒకటి. ‘ఎందుకిలా జరిగింది’ అన్న ప్రశ్నకు తృప్తి కలిగించే జవాబు మన దగ్గర లేదు. అమ్మ కథ, నాన్న కథ మాత్రం మన దగ్గరే ఉంది. దాన్ని నిజంగా, నిండుగా పిల్లల చేతికి అందించడమే మనం చేయగలిగింది. మిగిలిన తల్లికో తండ్రికో, అమ్మమ్మకో, మేనమామకో, బాబాయికో ఈ అధ్యాయం ఆ పనిలో సాయపడాలి.

‘ఎందుకు’ లోపల దాగిన మూడు ప్రశ్నలు

ఏడెనిమిదేళ్ల పిల్ల ‘నాన్న ఎందుకు చనిపోయాడు?’ అని అడిగితే మనం కంగారుపడి విధి, కర్మ, దేవుడు అంటూ మొదలుపెడతాం. ఆ పిల్ల అడిగేది వేదాంతం కాకపోవచ్చు. చాలాసార్లు ఆ ఒక్క మాటలో మూడు భయాలుంటాయి.

మొదటిది: నా వల్లేనా? పిల్లలు లోకానికి తామే కేంద్రమనుకుంటారు. బొమ్మ కొనివ్వలేదని ‘నువ్వు చచ్చిపో’ అని ఎప్పుడో అన్న మాట, ఆ రోజు బడికి పోనని చేసిన మారాం, ఐస్‌క్రీమ్ తెమ్మని నాన్నను బయటికి పంపడం, ఇవన్నీ లోపల తిరుగుతుంటాయి. దీనికి మనం ఆజ్యం పోస్తాం. పరామర్శకు వచ్చినవాళ్లలో ఒకరైనా ‘వీడి జాతకంలో పితృగండం ఉందని పుట్టినప్పుడే చెప్పారు’ అంటారు. మూలా నక్షత్రమనో, అడుగుపెట్టిన వేళ అనో అంటారు. అక్కడే నులకమంచం మీద కూర్చున్న పిల్లవాడు వింటున్నాడన్న ధ్యాస ఉండదు. ఆ మాట అన్నది ఇంటి పెద్దయినా సరే, పిల్లవాడి ముందే ఖండించండి. తర్వాత దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండి: ‘నాన్నకు గుండెపోటు వచ్చింది. నువ్వు అన్న మాట వల్ల కాదు, చేసిన పని వల్ల కాదు, పుట్టిన నక్షత్రం వల్ల కాదు.’ అడగకపోయినా చెప్పండి. నెల తర్వాత మళ్లీ చెప్పండి.

రెండోది: అమ్మా పోతుందా? నేనూ పోతానా? నాన్న జ్వరంతో ఆస్పత్రికి వెళ్లి తిరిగి రాకపోతే, అమ్మకు పడిశం పట్టినా పిల్లలు హడలిపోతారు. ‘నేనెప్పటికీ చావను’ అని ఒట్టు వేయకండి, అది నిలబెట్టుకోగలిగే ఒట్టు కాదు. ‘చాలామంది ముసలివాళ్లయ్యేదాకా బతుకుతారు. నేను ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకుంటున్నాను. నీ దగ్గర చాలా ఏళ్లుంటాననే అనుకుంటున్నాను’ అనండి.

మూడోది: ఇక నన్నెవరు చూసుకుంటారు? బడికి ఎవరు దింపుతారు, ఫీజు ఎవరు కడతారు, ఈ ఇంట్లోనే ఉంటామా? పెద్దలకు ఇవి చిల్లర విషయాల్లా కనిపిస్తాయి, పిల్లలకు ఇవే ప్రాణం. పెద్దకర్మ ముగిసేలోపే ‘పెద్దవాణ్ని హాస్టల్లో వేద్దాం, చిన్నది అమ్మమ్మ దగ్గర ఉంటుంది’ అని తీర్మానించడం మన ఇళ్లలో మామూలే. వీలైతే తొలి ఏడాది ఇల్లు, బడి మార్చకండి, అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్లను విడదీయకండి. డబ్బు ఇబ్బంది ఉంటే జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అడగండి. భర్తను పోగొట్టుకున్న తల్లుల పిల్లలకు, ఆదాయ పరిమితికి లోబడి, మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్‌కు దరఖాస్తు చేసుకునే వీలుంది. మార్పు తప్పనిసరైతే ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పండి. ఆటో ఎక్కించాక చెప్పకండి.

నిజాన్ని ఏ మాటల్లో చెప్పాలి?

‘నాన్న ఊరెళ్లారు’ అంటే పిల్ల గుమ్మంలో ఎదురుచూస్తుంది. ‘అమ్మ నిద్రపోతోంది’ అంటే ఆ రాత్రినుంచి నిద్రంటే భయపడుతుంది. ‘మంచివాళ్లను దేవుడు తొందరగా తీసుకెళ్తాడు’ అంటే, మంచిగా ఉండటం ప్రమాదమని లెక్కకడుతుంది. మన ఉద్దేశం దుఃఖాన్ని తగ్గించడమే, పెరిగేది మాత్రం అయోమయం.

చిన్నపిల్లలు చావును మనలా అర్థం చేసుకోరు. హంగరీలో 3 నుంచి 10 ఏళ్ల పిల్లలు 378 మందితో మరియా నాగీ చేసిన అధ్యయనం 1948లో అచ్చయింది. ఐదేళ్లలోపు పిల్లలు చావును ఒక ప్రయాణంలా, నిద్రలా చూశారు. ఐదు నుంచి తొమ్మిదేళ్లవాళ్లలో చాలామంది దాన్ని ఎవరో వచ్చి తీసుకుపోవడంగా ఊహించుకున్నారు. అది అందరికీ తప్పనిదని, తిరిగి రానిదని తొమ్మిదో ఏటి తర్వాతే స్పష్టంగా చెప్పగలిగారు. ఈ వయసుల హద్దులు బిడ్డ బిడ్డకూ మారతాయి. చావును దగ్గరగా చూసిన పిల్లలకు ఇంకా ముందే అర్థం కావచ్చు. అందుకే ‘చనిపోయారు’ అన్న మాటే వాడి, దాని అర్థం విడమరచండి: ‘నాన్న శరీరం పనిచేయడం ఆగిపోయింది. ఊపిరి ఉండదు, ఆకలి ఉండదు, నొప్పి ఉండదు. ఇక తిరిగి రారు.’ దీని తర్వాతే మీ ఇంటి నమ్మకం చెప్పండి, అది స్వర్గమైనా, ప్రభువు సన్నిధి అయినా, జన్నత్ అయినా. నమ్మకం లేనివారు అది లేదనే చెప్పవచ్చు. ముందు నిజం నిలబడితే నమ్మకానికి ఆనుకోవడానికి చోటుంటుంది.

అమెరికాలో ‘సెసమీ స్ట్రీట్’ అనే పిల్లల టీవీ కార్యక్రమానికి ఒకసారి ఈ పరీక్షే ఎదురైంది. అందులో దుకాణదారు హూపర్ వేషం కట్టిన నటుడు విల్ లీ 1982 డిసెంబరులో చనిపోయాడు. వేరొకరిని పెట్టవచ్చు, ఊరు మారాడని చెప్పి సరిపెట్టవచ్చు. వాళ్లు అలా చేయలేదు. 1983 నవంబరు 24న ప్రసారమైన భాగంలో, చిన్నపిల్లవాడి మనసున్న బిగ్ బర్డ్ అనే పక్షి పాత్రకు హూపర్ చనిపోయాడని, ఇక రాడని పెద్దలు చెప్పారు. ఎందుకిలా కావాలని అది అడిగితే, కారణమంటూ ఏదీ లేదని, అది అంతేనని ఒప్పుకున్నారు. పక్కన నిలబడి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మీరూ ‘నాకూ తెలియదు కన్నా’ అనవచ్చు. ఆ మాట తర్వాత లేచి వెళ్లిపోకుండా అక్కడే కూర్చోవడం ముఖ్యం.

కొన్ని మరణాలు చెప్పడం మరీ కష్టం. అప్పులతోనో, మనసు కుంగిపోయో నాన్న తన ప్రాణం తానే తీసుకుంటే, ‘గుండెపోటు’ అని పిల్లలకు చెప్పేస్తాం. ఊరంతటికీ తెలిసిన సంగతి బడిలో ఎవరో ఒకరు ఎగతాళిగా అననే అంటారు. అప్పుడు ఆ పిల్లవాడికి నాన్నతోపాటు మన మీద నమ్మకమూ పోతుంది. ఎలా చేసుకున్నాడన్న వివరాలు అక్కర్లేదు. ‘నాన్న మనసుకు పెద్ద జబ్బు చేసింది. ఆ బాధలో, ఇంకో దారి ఉందని తోచక, తన ప్రాణం తానే తీసుకున్నారు. సాయం అడిగి ఉంటే దొరికేది. నీ మీద ప్రేమ లేక కాదు’ అని మీరే ముందు చెప్పండి. తాగుడుతో పోయినా, తాగి బండి నడిపి పోయినా ఇదే పద్ధతి. పరీక్షిత్తు చేసిన పొరపాటును కొడుక్కి చెప్పినవాళ్లు ఆ రాజు మంచితనాన్నీ చెప్పారు. రెండూ కలిస్తేనే మనిషి.

దినాల్లో పిల్లల చోటు

‘చిన్నపిల్లలు చూడకూడదు’ అని పక్కింటికి పంపేస్తాం. లేదా కొడుకు కాబట్టి తలకొరివి పెట్టాలని ఆరేళ్లవాణ్ని నిలబెడతాం. రెండింట్లోనూ పిల్లలకు ఏం జరగబోతోందో ఎవరూ చెప్పరు. ముందు చెప్పండి: ‘నాన్నను ఇంటికి తెస్తారు. కదలరు, ఒళ్లు చల్లగా ఉంటుంది. అందరూ గట్టిగా ఏడుస్తారు. తర్వాత శ్మశానానికి తీసుకెళ్తారు.’ ఆ తర్వాత అడగండి: ఉంటావా, పిన్నితో లోపల కూర్చుంటావా? మధ్యలో మనసు మార్చుకున్నా ఫరవాలేదనండి. ఒక పెద్దమనిషిని ఆ బిడ్డకోసమే కేటాయించండి. కొరివి పట్టుకునే కొడుకైనా, పక్కన నిలబడాలనుకునే కూతురైనా ఈ మాట అడిగించుకునే హక్కు ఉన్నవాళ్లే.

పదోరోజు తల్లి గాజులు పగలగొట్టడం, బొట్టు తుడిచేయడం పిల్లల కళ్లముందు జరిగితే, అప్పటికే నాన్న పోయిన బిడ్డకు అమ్మను కూడా ఏదో చేస్తున్నారనిపిస్తుంది. ఈ తంతు వద్దని చెప్పే తల్లులకు కుటుంబం అండగా నిలబడాలి. నిన్నటి అమ్మే రేపూ కనిపించడం పిల్లలకు పెద్ద ధైర్యం.

మన ఆచారాల్లో ఒక మేలూ ఉంది. నెలమాసికం, సంవత్సరీకం, తద్దినం, తెలంగాణలో పెత్రమాస, క్రైస్తవుల ఇళ్లలో జ్ఞాపకార్థ కూడిక, నవంబరు 2న సమాధుల దగ్గర వెలిగించే కొవ్వొత్తులు, ఇవన్నీ పోయినవాళ్ల పేరును ఇంట్లో మళ్లీ పలికిస్తాయి. ఆ రోజును వంటకే, మంత్రానికే వదిలేయకండి. భోజనాలయ్యాక అరగంట ‘నాన్న కబుర్లు’ పెట్టండి. పిల్లలు అడిగితే నవ్వొచ్చే కబుర్లే ముందు చెప్పండి.

తప్పెవరిదన్న వేట

కాశ్యపుణ్ని వెనక్కి పంపకపోతే నాన్న బతికేవాడే అన్నదే జనమేజయుణ్ని దహించింది. ‘అంబులెన్స్ పది నిమిషాలు ముందొచ్చి ఉంటే’, ‘అమ్మ ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి ఉంటే’, ‘హెల్మెట్ పెట్టుకుని ఉంటే’ అని కుమిలే పద్నాలుగేళ్ల పిల్లవాడి బాధా ఇదే. ఇది తర్కంతో ఆగదు. ముందు వినాలి. ‘నీకు అమ్మ మీద కోపంగా ఉంది, కదూ’ అని పేరు పెట్టి అనండి. నిజంగా ఎవరైనా నిర్లక్ష్యం చేసి ఉంటే ఆ పోరాటం, కేసు, ఫిర్యాదు పెద్దలు చూసుకుంటారని, అది అతని భుజాల మీద లేదని చెప్పండి.

కోపానికి ఒంటితో చేసే పని కావాలి: పరుగు, కబడ్డీ, ఈత, సైకిల్. మాటలు రానివాళ్లకు నాన్నకు ఉత్తరం రాయమనండి. తిట్టాలనిపిస్తే తిట్టమనండి. ఆ కాగితం మీరు చదవకండి.

కథను కూడబెట్టే పద్ధతి

పోయినవాళ్లను మరచి ముందుకు సాగడమే ఆరోగ్యమని పాశ్చాత్య మనస్తత్వ శాస్త్రం చాలాకాలం అనుకుంది. బోస్టన్ ప్రాంతంలో విలియం వర్డెన్, ఫిలిస్ సిల్వర్‌మన్ నడిపిన అధ్యయనం ఆ అభిప్రాయాన్ని కదిలించింది. తల్లినో తండ్రినో పోగొట్టుకున్న 70 కుటుంబాల్లోని 125 మంది పిల్లల్ని వాళ్లు రెండేళ్లపాటు గమనించారు. పిల్లల్లో ఎక్కువమంది పోయినవారి వస్తువు ఏదో ఒకటి దాచుకున్నారు. సగానికి పైగా వారితో మాట్లాడుతున్నామన్నారు. ఇది రోగలక్షణం కాదని, బంధం కొత్త రూపంలో కొనసాగడమేనని ఆ పరిశోధకులు తేల్చారు. తద్దినాలు పెట్టే మనకు ఇది కొత్తగా అనిపించదు. పిల్లల చేత ఆ బంధాన్ని పేర్చించడమే మనం నేర్వాల్సిన పని.

ఒక నోట్‌బుక్ తీసుకోండి. పిల్లవాడే విలేకరి. నాన్న చిన్ననాటి స్నేహితుడు, ఆయన ఆఫీసువాళ్లు, చదువు చెప్పిన మాస్టారు, రోజూ టీ తాగిన కొట్టు యజమాని, మేనత్త, వీళ్లను ఒక్కొక్కరిగా కలవాలి. అడగాల్సినవి చిన్న ప్రశ్నలే: నాన్నను మొదటిసారి ఎక్కడ చూశారు? ఆయన్ను దేనికి ఏడిపించేవాళ్లు? దేనికి కోపం వచ్చేది? దేనికి భయపడేవారు? నేను పుట్టినప్పుడు ఏమన్నారు? ఆయనకు చేతకాని పని ఏది? కాస్త ఎదిగిన పిల్లలైతే ఈ మాటల్ని ఫోన్లో రికార్డు చేసుకోవచ్చు.

గొంతును కాపాడటం తొలి వారాల్లోనే చేయండి. నాన్న ఫోన్ ఎవరికీ ఇచ్చేయకండి. నంబరు రీచార్జి ఆపకండి. వాట్సాప్ ఖాతా 120 రోజులు వాడకుండా ఉంటే మామూలుగా తొలగిపోతుంది, ఈలోపే వాయిస్ మెసేజీలు, ఫొటోలు వేరేచోట రెండు ప్రతులు తీసి పెట్టండి. పిల్లలు ఇప్పుడే వినలేకపోవచ్చు. అవి ఉన్నాయని, కావాల్సినప్పుడు వినవచ్చని చెప్పండి. బట్టలు దానమిచ్చే ముందు ఒకటి రెండు ఎంచుకోమనండి. పిల్లలు మనం అనుకోనివి ఎంచుకుంటారు: పాత లుంగీ, పగిలిన కళ్లజోడు, కరెంటు బిల్లు మీద నాన్న వేసిన లెక్కలు.

పోయినవాళ్లను దేవుళ్లను చేయకండి. కోపిష్టి అయిన నాన్న కోపిష్టిగానే కథలో ఉండాలి, అదే నాన్న రాత్రి రెండింటికి జ్వరం చూడటానికి లేచిన సంగతితోపాటు. గోడమీది ఫొటోకు దండ పడ్డాక మనం లోపాలన్నీ చెరిపేస్తే, దెబ్బలు తిన్న పిల్లవాడు తన జ్ఞాపకాన్నే అనుమానించుకుంటాడు.

అర్థాన్ని అంటగట్టకండి

‘ఇక నువ్వే ఇంటికి పెద్దదిక్కు’, ‘అమ్మ ముందు ఏడవకు’, ‘నువ్వు డాక్టరైతేనే నాన్న ఆత్మ శాంతిస్తుంది.’ పరామర్శలో పదిమంది ఒకే మాట అంటే పన్నెండేళ్ల పిల్లవాడు అదే తన జీవితానికి అర్థమనుకుంటాడు. అమ్మ పోయిన ఇంట్లో ఆడపిల్ల చేతికి గరిటె ఇచ్చి ‘నువ్వే తమ్ముడికి అమ్మవి’ అంటాం. పిల్ల పని నేర్వడం తప్పుకాదు, తల్లి ఉద్యోగం మీద వేసుకోవడం తప్పు.

అర్థం ఉత్తర్వులా రాదు, పిల్లలే వెతుక్కుంటారు. నాన్న బావి గట్టున వేసిన జామచెట్టుకు నీళ్లు పోయడం, అమ్మ చేసే పప్పుచారు కుదిరేదాకా చేసి చూడటం, అమ్మ పుట్టినరోజున బడి లైబ్రరీకి ఒక పుస్తకం ఇవ్వడం, ఏమీ చేయకుండా మామూలుగా ఆడుకోవడం, ఏదైనా సరే. ‘నీకేం చేయాలనిపిస్తోంది?’ అని అడిగి ఆగండి.

ప్రశ్న మళ్లీ వస్తుంది

దుఃఖం పేరిట అందరూ చెప్పే, కూబ్లర్ రాస్ 1969లో రాసిన ఐదు దశలు చావు అంచున ఉన్న రోగుల్ని చూసి చెప్పినవి. పిల్లల దుఃఖం అలా మెట్లు దిగదు. పొద్దున ఏడ్చిన పిల్ల మధ్యాహ్నం తొక్కుడుబిళ్ల ఆడుతుంది. అది మరచిపోవడం కాదు, ఊపిరి తీసుకోవడం. ఏళ్ల తర్వాత అదే ప్రశ్న కొత్త వయసుతో తిరిగొస్తుంది: రజస్వల అయిన రోజు, టెన్త్ ఫలితాల రోజు, పెళ్లి పీటల మీద, నాన్న పోయిన వయసుకు తాను చేరిన ఏడు. అప్పటికి మునుపటి జవాబు పొట్టిదైపోతుంది, మరింత వివరంగా మళ్లీ చెప్పాలి. బోస్టన్ అధ్యయనంలోనూ ఇతర పిల్లలతో పోలిస్తే తేడాలు ఏడాదికన్నా రెండేళ్లకే ఎక్కువగా కనిపించాయి. సంవత్సరీకంతో మనం ఊపిరి పీల్చుకునే వేళకి పిల్లలకు సాయం ఎక్కువ కావాల్సి రావచ్చు.

చదువు బాగా పడిపోవడం, నెలల తరబడి నిద్రా తిండీ సరిగా లేకపోవడం, స్నేహితుల్ని పూర్తిగా వదిలేయడం, తనను తాను గాయపరచుకోవడం కనిపిస్తే మానసిక వైద్యుల్ని కలవండి. ‘నాన్న దగ్గరికి వెళ్లిపోతాను’ అన్న మాటను ఎన్నడూ తేలిగ్గా తీసుకోకండి, ఆ రోజే సాయం కోరండి. మానసిక సాయానికి టెలి మానస్ నంబరు 14416, ఏ వేళైనా ఉచితం. పిల్లలకోసం ప్రత్యేకంగా 1098 ఉంది.

ఈ వారం చేయాల్సినవి

1. ‘నీ వల్ల కాదు’ అన్న మాట ఒకసారి స్పష్టంగా చెప్పండి.
2. క్లాస్ టీచరును కలిసి జరిగింది చెప్పండి. అందరి ముందు జాలి చూపవద్దని, ‘మీ నాన్న చేత సంతకం పెట్టించుకురా’ లాంటి మాటల్లో జాగ్రత్త పడమని కోరండి.
3. ఫోన్లోని గొంతు, ఫొటోలు భద్రం చేయండి.
4. నోట్‌బుక్ కొనండి. మొదటి కబురు మీరే చెప్పండి.
5. మీ సంగతి చూసుకోండి. ఆ 125 మంది పిల్లల విషయంలో, ఎవరు ఎలా కోలుకుంటారన్నది అన్నిటికన్నా ఎక్కువగా మిగిలిన తల్లి లేదా తండ్రి ఎలా నిలదొక్కుకున్నారన్న దాన్నిబట్టే తెలిసింది. కాబట్టి మీరు వేళకు తినడం, నిద్రపోవడం, ఏడవాలనిపిస్తే పిల్లల ముందే ఏడ్చి తర్వాత మొహం కడుక్కుని అన్నం వడ్డించడం, అవసరమైతే మీరే ముందు డాక్టరును కలవడం స్వార్థం కాదు. పిల్లలకోసం ఈ వారం ఒక్క పనే చేయగలిగితే, దీన్నే చేయండి.